ఇస్త్రీ చేసిన అధ్యాయం

ముప్ఫై ఎనిమిదో కాగితం కూడా నున్నగానే ఉంది.

కరీమున్ దాన్ని తిరగేసింది, బోర్లించింది, ఎడమచేతి చూపుడువేలితో పై అంచు నుంచి కింది అంచు దాకా మెల్లిగా తడిమింది. అక్కడక్కడా ఇసుక రేణువంత నలుసు తగిలింది. మిగతాదంతా పట్టుగుడ్డలా వేలికింద జారిపోయింది. ఇరవై నెలలు మిరప కల్లాల్లోనూ పత్తి మిల్లుల్లోనూ కూర్చుని, కూలి ఆడవాళ్ళ నోట విని, ఒక్కొక్క అక్షరం బ్రెయిలీ పలక మీద పొడిచి పెట్టుకున్న ఐదో అధ్యాయం అది. ఇప్పుడు అందులో చదవడానికి ఏమీ లేదు.

"ఎట్టా ఉన్నాయే?" అంది తల్లి సైదాబీ. మెచ్చుకుంటుందేమోనని ఆ గొంతు ఎదురుచూస్తోంది. "రాత్రి వానకి నీ పెట్టె మీద కారింది. కాగితాలన్నీ తడిసి వంకర్లు తిరిగినై. కల్లాల్లో కాయ తడిసిందని ఊరంతా ఏడుస్తుంటే, నీ చదువన్నా కాపాడదామని పొద్దున్నే బొగ్గులేశా. పట్టుచీరకి పెట్టినట్టు తడిగుడ్డ వేసి మరీ పెట్టా. ఒక్క ముడత లేదు, చూసుకో."

గదంతా బొగ్గుల వాసన. ఇస్త్రీ పెట్టె ఇంకా ఆరలేదు.

"ఎన్నిటికి పెట్టావమ్మా?"

"అన్నిటికీ."

"చుక్కలుంటాయని తెలుసు గదమ్మా నీకు!"

"తెలుసు. ఎందుకు తెలియదు? జాకెట్టు మీద కుట్టు కూడా ఉబ్బెత్తుగానే ఉండిద్ది. ఇస్త్రీ చేస్తే కుట్టు పోద్దా?"

అదీ సంగతి. నల్లపాడులో ముప్ఫై ఐదేళ్ళుగా దర్జీ ఖాజావలి ఇంట్లో కాపురం చేస్తున్న మనిషి. ఆవిడ లెక్కలో లోకంలో ఉబ్బెత్తుగా ఉన్నదంతా కుట్టు, వంకరగా ఉన్నదంతా ముడత. కాగితం అనేది గుడ్డలాంటిది కాదని ఆవిడకి చెప్పవలసిన అవసరం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

కరీమున్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. ఇవాళ బుధవారం. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల ఎం.ఫిల్. సిద్ధాంత గ్రంథం యూనివర్సిటీలో ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి పెంచడానికి రూలు లేదని గైడు సంజీవరావు గారు ముందే చెప్పేశారు. నాలుగు అధ్యాయాలు టైపయ్యాయి. ఈ ఐదోది తను వేలితో చదువుతుంటే, బ్రాడీపేట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో జయకుమారి టైపు కొట్టాలి. పది గంటలకల్లా వస్తానని ఆ అమ్మాయికి చెప్పి ఉంది.

"కరీమూ, మాట్లాడవేం?"

"ఏం మాట్లాడమంటావు?" కరీమున్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అక్షరాలన్నీ చంపేశావు. మొదట పసరు పోశావు. ఇప్పుడు ఇస్త్రీ పెట్టావు. రెండుసార్లూ నువ్వే తీశావమ్మా నా కళ్ళు."

ముందు గదిలో కుట్టుమిషను ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. కరీమున్‌కి నాలుగో ఏట తట్టు పోసింది. కళ్ళు చింతనిప్పుల్లా అయితే, ఎవరో చెప్పారని సైదాబీ ఏదో ఆకు పసరు పిండి కళ్ళలో పోసింది. వారం తిరిగేసరికి చూపు పోయింది. పోయింది పసరు వల్లనా, తట్టు వల్లనా అన్నది పెద్దాసుపత్రి డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. తేలకపోవడమే మంచిదని ఇంట్లో అందరూ ఆ మాట మీద మూత పెట్టి ఊరుకున్నారు.

సైదాబీ ఇస్త్రీ పెట్టె చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టింది. ఆవిడ కాళ్ళు పెరటివైపు నడిచి వెళ్ళడం వినిపించింది.

అన్నమాట వెనక్కి రాదు. వస్తే బాగుండునని కరీమున్‌కి అప్పుడే అనిపించింది.

*

"అయితే ఇక దానికి నీళ్ళొదిలినట్టేగా?" అంటూ వచ్చాడు హయాత్. కరీమున్ కన్నా ఆరేళ్ళు పెద్ద. తండ్రితో పాటే ముందు గదిలో కొట్టు చూసుకుంటాడు. "సరేలే, ఏం చేస్తాం! మంచికే అనుకో. సోమవారం మిల్లులో చేరు. మేనేజరుకి మాటిచ్చా. టెలిఫోన్ ఆపరేటరంటే మాటలా? కుర్చీలో కూర్చుని చేసే పని."

"శుక్రవారం ఇవ్వలేకపోతేనే అన్నా మిల్లు. అట్లా ఒప్పుకున్నా నేను."

"మరి ఏది ఇస్తావు? తెల్లకాగితాలా?"

"ఒరేయ్!" ఖాజావలి గొంతు పిడుగులా వచ్చింది. ఆ వెంటే కత్తెర బల్లమీద ఠంగుమంది. "నోర్ముయ్యి. నీ మిల్లూ నీ మేనేజరూ! ఇల్లు తగలబడుతుంటే చుట్టకి నిప్పడిగాడంట నీలాంటోడే."

"నన్నంటారేంది నాన్నా? ఇస్త్రీ పెట్టింది నేనా?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ ఇంట్లో ఎవరి తప్పుకైనా తిట్లు హయాత్‌కే పడతాయి. అతనికది అలవాటే. అయినా చిన్నబుచ్చుకున్నాడు. చెల్లెలి మీద ప్రేమ లేని మనిషి కాదు. చదువు ఎంత చదివినా చివరికి ఎవరో ఒకరి చేతిమీద ఆధారపడాల్సిందేనని అతనికి గట్టి నమ్మకం. ఉద్యోగమైతే నెలనెలా తన కాళ్ళమీద తను నిలబడుతుందని ఆశ.

ఖాజావలి వచ్చి కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆయన ఒంటి నుంచి కొత్తగుడ్డ వాసన వచ్చింది.

"అమ్మా, రాసింది నువ్వే గదా. బుర్రలో ఉండదా? తల్చుకుని చెప్పలేవా?"

"నా మాటలైతే చెబుతా నాన్నా. ఇందులో ఉన్నవి నా మాటలు కావు." ఆమె కాగితాల మీద అరచెయ్యి ఆనించింది. "కాయ ఎండిందో లేదో, పత్తి పింజ పొడుగో పొట్టో చేత్తో పట్టుకుని చెప్పే మాటలు. మూడు వందల పన్నెండు. ఏ ఊళ్ళో, ఎవరు, ఏ పని చేస్తూ అన్నారో ప్రతిదానికీ రాసుకున్నా. ఒక్కటి నేను కల్పించి చెప్పినా అది పరిశోధన కాదు. అబద్ధం."

"చెప్పినవాళ్ళని మళ్ళీ అడిగితే?"

"రెండు రోజుల్లో పదకొండు ఊళ్ళా? అందులో ముగ్గురు ముసలమ్మలు ఇప్పుడు లేరు నాన్నా."

ఖాజావలి ఒక్కొక్క కాగితం తీసి చూస్తున్నట్టు చప్పుడైంది. చూసి మాత్రం ఏం చేస్తాడు?

కరీమున్ కావాలనే నవ్వు తెచ్చుకుంది. "మొదటి రెండు కాగితాలూ మొన్ననే జయకుమారికి చదివి టైపు చేయించా. అవి బతికాయి. గుడ్డిలో మెల్ల."

ఎవరూ నవ్వలేదు. ఆ సామెత ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ వాడరు.

పెరటి వసారాలో రేకు పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. సైదాబీ లోపలికి వచ్చింది. వచ్చి కూతురి చేతిలో ఒక కాగితం పెట్టింది. పాతది, నూనె పట్టి మెత్తబడింది, మడతల దగ్గర చిరిగింది. దాన్నిండా సన్నటి సూది పోట్లు ఉన్నాయి.

"ఇది మా అమ్మ పొడిచిన మామిడిపిందె డిజైను," అంది సైదాబీ. గొంతు బొంగురుగా ఉంది, ఏడ్చిన గొంతే. "నా పెళ్ళికి ముందుది. చీరల కింద ఎన్నిసార్లు నలిగిందో, ఎన్నిసార్లు ఇస్త్రీ చేశానో లెక్కలేదు. ఇప్పటికీ దీనిమీద నీలం రుద్దితే కింద గుడ్డమీద పువ్వు దిగిద్ది. పొడిచింది పోదే కరీమూ. పైకి అణగుద్ది, అంతే."

కరీమున్ ఆ సూది పోట్లని వేలితో తడిమింది.

"ఇటియ్యి ఒకటి," అంది సైదాబీ.

*

ఆ చుట్టుపక్కల జాకెట్లమీద పువ్వులు కుట్టే ఆడవాళ్ళందరికీ తెలిసిన పని అది. కాగితంమీద సూదితో బొమ్మ పొడుస్తారు. ఆ కాగితం గుడ్డమీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలిమందు పైన రుద్దితే, చిల్లుల్లోంచి రంగు దిగి గుడ్డమీద చుక్కల బొమ్మ పడుతుంది. ఆ చుక్కల వెంట కుట్టుకుంటూ పోవడమే.

ఇక్కడ చిల్లులు లేవు. బ్రెయిలీ మొన కాగితాన్ని చీల్చదు, వెనకనుంచి గుంట చేస్తుంది. అది ముందువైపు చుక్కై లేస్తుంది. సైదాబీ ఇస్త్రీ పెట్టె ఆ చుక్కల్ని తొక్కేసింది. కానీ మొన గుచ్చుకున్న చోట కాగితం పైతోలు రేగే ఉంది; పొడి పడితే అక్కడే పట్టుకుంటుంది.

సైదాబీ కాగితాన్ని వెనక్కి తిప్పి, కిరసనాయిలు కలపకుండా ఉత్త నీలం పొడి దూదితో అద్ది, మెల్లిగా రుద్దింది. ఉఫ్ఫుమని ఊదింది.

"నాన్నా, ఏమైంది? చెప్పండి!"

ఖాజావలి కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "ఉన్నాయమ్మా," అన్నాడు చివరికి. "అన్నీ ఉన్నాయి. మబ్బు పోయాక చుక్కలు పొడిచినట్టు..."

సైదాబీకి ఆ మాటలేవీ పట్టలేదు. మందపాటి దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచి, కాగితాన్ని వెనకవైపు పైకి ఉండేట్టు దానిమీద పెట్టి, గోనెసంచి కుట్టే సూది మొండి చేసి పొడవడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. నాలుగు వరుసలు అయ్యాక కాగితం తిప్పి కూతురి ముందుకు తోసింది.

కరీమున్ వేలు పెట్టింది. వేలు ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. పెదాలు కదిలాయి.

"కాయ ఎండిన సంగతి చెవికి ముందు తెలుస్తుంది, చేతికి తర్వాత తెలుస్తుంది, కంటికి అన్నిటికన్నా ఆలస్యంగా తెలుస్తుంది."

అది ఆ అధ్యాయంలో మూడో కాగితం మొదటి వాక్యం. ఎడ్లపాడు కల్లంలో తాలుకాయ ఏరుతూ ఒక ముసలమ్మ అన్న మాట. ఆ ముసలమ్మ పోయి ఏడాదైంది.

కరీమున్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత సంతోషం వస్తే ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

సైదాబీ మాత్రం ఏడవలేదు. "ఏడ్చేది తర్వాత. నాలుగు వరుసలకే ఇంత సేపైంది. నా ఒక్కదానివల్ల కాదు. ఏమయ్యా, ఆ బల్ల ఖాళీ చెయ్యి. ఒరేయ్ హయాత్, గుల్జార్ పిన్నిని పిలువు. వీధిలో సూది పట్టినోళ్ళందర్నీ రమ్మను."

"పెళ్ళివాళ్ళ జాకెట్లు రేపటికి ఇవ్వాలమ్మా!"

"ఇయ్యరా. గుండీల్లేకుండా ఇయ్యి," అన్నాడు ఖాజావలి, బల్లమీది గుడ్డలన్నీ చేతుల్తో ఎత్తి మూలన పడేస్తూ. ముప్ఫై ఐదేళ్ళ దర్జీతనంలో ఆయన నోటివెంట అలాంటి మాట రావడం అదే మొదటిసారి.

*

మధ్యాహ్నానికి తొమ్మిదిమంది వచ్చారు. కత్తిరింపు బల్లచుట్టూ నలుగురు, చాపలమీద నలుగురు, గడపమీద ఒకరు. టకటకమంటూ ఇల్లంతా సూదుల వాన. వాళ్ళలో సంతకం చెయ్యగలిగినవాళ్ళు ఇద్దరు. మిగతావాళ్ళు చదువుకి దూరం. వాళ్ళిప్పుడు వేళ్ళు పడిపోయేట్టు ఎం.ఫిల్. అధ్యాయం రాస్తున్నారు.

అంతా సాఫీగా సాగితే అది మన నల్లపాడే కాదు.

గుల్జార్ బేగం చెయ్యి ఆ వీధిలో పేరున్న చెయ్యి. అందరికన్నా ముందు ఆవిడే ఒక కాగితం పూర్తిచేసి, "చూసుకోవే అమ్మాయ్, ఎంత నిండుగా వచ్చిందో," అని ఇచ్చింది.

కరీమున్ తడిమింది. ఏ అక్షరమూ కాదు. ఒకే ముద్దలా చుక్కలు. బ్రెయిలీలో ఒక్కో అక్షరం గడికి ఆరు చుక్కల చోటుంటుంది; ఇందులో ఎక్కడ చూసినా ఆరుకి ఆరు చుక్కలు.

"పిన్నీ, ఇదేంటి?"

"ఏంది? బాగా లేదా? నీ చుక్కలు ఒక పక్క మూడుంటే ఇంకో పక్క ఒకటే ఉంది. ఒకచోట కింద లేదు, ఇంకోచోట మధ్యలో లేదు. ఆడపిల్ల ఏదో తొందరలో వదిలేసింది పాపం అని అన్నీ పూడ్చా. అరకొర పని నా చేత్తో పోనివ్వను."

మిగతావాళ్ళు తమ కాగితాలు తిప్పి చూసుకున్నారు.

కరీమున్‌కి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వు. పగలబడి నవ్వింది. "పిన్నీ, ఆ లేని చుక్కే అక్షరం. అన్నీ ఉంటే చదవడానికేం ఉండదు."

"అయ్యో అల్లా! ఇప్పుడెట్టా?" గుల్జార్ బేగం గొంతు పడిపోయింది. "తప్పు చేశానే."

"ఏం కాదులే," అంది సైదాబీ. "నీలం ఉన్న చుక్క దానిది. నీలం లేని చుక్క నీది. నేను చూసి చెబుతా, అది గోటితో నలిపేస్తది."

అట్లాగే చేశారు. సైదాబీ కాగితాన్ని ఎత్తిపట్టి, వెనకవైపు నీలం చూసి, కుడి ఎడమలు మార్చి, "పై వరుసలో నాలుగో గడి, కింద కుడిపక్కది," అంటుంది. కరీమున్ వేలితో వెతికి, బొటనవేలి గోటితో అణిచేస్తుంది. "తర్వాతిది, మధ్యలో ఎడమ." అణిచేస్తుంది. తల్లి కళ్ళూ కూతురి వేళ్ళూ ఒక కాగితంమీద అంతసేపు కలిసి పనిచెయ్యడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. పనిలో పడి పొద్దుటి మాట ఇద్దరూ మర్చిపోయినట్టే ఉంది. మర్చిపోలేదు. ఇద్దరికీ తెలుసు.

మూడు గంటలకి ఆటో ఆగింది. ఎంతకీ రాకపోయేసరికి ఏమైందోనని జయకుమారే బ్రాడీపేట నుంచి వచ్చింది. గడపలో కూర్చున్న మనిషిని దాటి లోపలికొచ్చి, "ఏంటక్కా ఇది, కుట్టు క్లాసా?" అంది.

"కాదు. అచ్చాఫీసు," అన్నాడు ఖాజావలి గర్వంగా.

జయకుమారి మళ్ళీ ఆటో ఎక్కింది. గంటలో తిరిగొచ్చింది, ఇన్‌స్టిట్యూట్‌లోని తెలుగు టైపు మిషను ఒళ్ళో పెట్టుకుని. దింపడానికి హయాత్ వెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళాడు.

ఆ సాయంత్రమూ, గురువారం అంతా ఒక పక్క సూదులు, ఇంకో పక్క టైపు. కరీమున్ చదివేది. గుడ్డమీద పనిచేసే ఆ ఆడవాళ్ళు పొడుస్తూ పొడుస్తూ వినేవాళ్ళు. పత్తి పింజని వేళ్ళ మధ్య లాగి పలికే మాట వచ్చినప్పుడు ఎవరో ఒకరు, "అవును, మా అత్త కూడా అట్టాగే అనేది," అనేవాళ్ళు. తాము పొడిచిన చుక్కల్లో ఇంత మాట ఉందా అని వాళ్ళకి ఆశ్చర్యం. గుల్జార్ బేగం అయితే తన కాగితం చదివేదాకా ఇంటికి కదలనని భీష్మించింది.

శుక్రవారం ఉదయం పదకొండుకి చివరి కాగితం అయింది. ముప్ఫై ఎనిమిది కాగితాలు, మూడు వందల పన్నెండు మాటలు. ఒక్కటీ తగ్గలేదు.

జయకుమారి చివరగా ప్రమాణపత్రం టైపు చెయ్యబోయింది. అందరి గ్రంథాల్లోనూ ఉండేదే. బయటికి చదివింది: "ఈ గ్రంథం పూర్తిగా నా స్వంత కృషి. ఇందులో ఇతరుల చెయ్యి ఏమాత్రం లేదని..."

"ఆగు," అంది కరీమున్.

సూదులు పెట్టెల్లో సర్దుకుంటున్న చప్పుళ్ళు. గుల్జార్ బేగం వేలికి ఎవరో పసుపు పెడుతున్నారు.

"ఆ వాక్యం అట్లాగే ఉండనీ. కృషి నాదే. కానీ దాని కింద ఇంకో పేజీ పెట్టు. ఈ తొమ్మిదిమంది పేర్లు రాయి. వాళ్ళేం చేశారో కూడా రాయి. పదో పేరు సైదాబీ."

"నా పేరెందుకే?" అంది సైదాబీ గాభరాగా. "నేను చెరిపినదాన్ని."

"అది కూడా రాయమంటావా?"

అందరూ గొల్లుమన్నారు. సైదాబీ కూడా నవ్వింది.

*

జుమ్మా నమాజు నుంచి ఖాజావలి రాగానే హయాత్ స్కూటరు తీశాడు. వెనక కరీమున్, ఆ వెనక గ్రంథం ప్రతుల మూటా, నీలం కాగితాల కట్టా ఒళ్ళో పెట్టుకుని సైదాబీ. ముగ్గురు ఎక్కితే పోలీసు పట్టుకుంటాడని హయాత్ సణిగాడు. పట్టుకుంటే యూనివర్సిటీదాకా అతన్నే దింపమందామంది సైదాబీ.

దారి పొడుగునా కల్లాల్లో తడిసిన కాయ మళ్ళీ ఎండబోశారు. ఘాటు గాలి. హయాత్ మూడుసార్లు తుమ్మాడు.

కరీమున్ వెనక్కి చెయ్యి చాచి తల్లి చెయ్యి అందుకుంది. బొటనవేలిమీద, చూపుడువేలిమీద సూది గాట్లు. ఆమె వేలు అలవాటు కొద్దీ వాటిని చదవబోయింది.

"అమ్మా, మొన్న నేనన్న మాట..."

స్కూటరు ఒక గతుకు దాటింది.

"ఇరవై రెండేళ్ళు ఎదురుచూశానే, ఎప్పుడంటావా అని," అంది సైదాబీ. "అన్నావు. అయిపోయింది. ఇప్పుడు తేలిగ్గా ఉంది నాకు."

కరీమున్ ఆ చెయ్యి వదల్లేదు.

నాలుగూ ఇరవైకి యూనివర్సిటీ సెక్షనులో గుమాస్తా ప్రతులు లెక్కపెట్టి, రిజిస్టరులో రాసి, ముద్ర ఎత్తాడు. ధబ్ ధబ్ ధబ్ మని మూడుసార్లు పడింది. కరీమున్ జీవితంలో విన్న చప్పుళ్ళన్నిటిలోకీ తీయనిది అదే. హయాత్ గుమ్మంలోంచే, "అయిందా?" అని అరిచాడు. అయిందనగానే, "సోమవారం మిల్లుకెళ్ళి నేనే చెప్పొస్తాలే, మా చెల్లెలు రాదని," అన్నాడు. అతని గొంతులో విసుగు లేదు.

గైడు సంజీవరావు గారు అక్కడే ఉన్నారు. పొద్దుటి నుంచి మూడుసార్లు సెక్షనుకి వచ్చి వెళ్ళారట. ఆయన ఒక ప్రతి తీసి తిప్పుతూ తిప్పుతూ ఆ పేర్ల పేజీ దగ్గర ఆగారు. చదివారు. మళ్ళీ చదివారు.

"కరీమున్, గొప్పగా ఉందమ్మా. కానీ ఈ పేజీ..." ఆయన గొంతు తగ్గించారు. "వైవాకి వచ్చే పరీక్షకుడు మామూలు మనిషి కాదు. చూపులేని అమ్మాయి కల్లాల వెంట తిరిగి ఇన్ని మాటలు ఎలా పోగుచేసిందని ఇప్పటికే నాకు ఉత్తరం రాశాడు. మూలప్రతి తెచ్చి చూపించమన్నాడు. ఇప్పుడు ఈ పేర్లు చూస్తే రాసిందెవరు, పొడిచిందెవరు అని పట్టుకుంటాడు. తీసేద్దామా? ఇంకా సమయం ఉంది."

"తీయనండి."

"ఆ నీలం మరకల కాగితాలు ఆయన ముందు పెట్టి నిజం నిలబెట్టగలవా? నువ్వు చదివితే, బట్టీపట్టి చెబుతోందంటాడు. నువ్వు పొడిచిన చుక్కేదో, తర్వాత వచ్చిన చుక్కేదో కంటితో చూసి చెప్పేవాళ్ళు ఎవరున్నారు?"

గుమాస్తా బల్లమీద కాగితాలు గాలికి రెపరెపలాడాయి.

గోడవార నిలబడిన సైదాబీ నాలుగడుగులు ముందుకొచ్చింది. ఆవిడ అంత పెద్ద ఆఫీసులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఒళ్ళో పట్టుకొచ్చిన కాగితాల కట్ట సంజీవరావు గారి ముందు బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"నేనొస్తా బాబూ."

"మీరా? మీరు చదువుకున్నారా అమ్మా?"

"లేదు బాబూ," అంది సైదాబీ. "ఆయన్ని ఏ కాగితమైనా తియ్యమనండి. నా కూతురు చదువుద్ది. ఏ చుక్క దానిదో, ఏ చుక్క మాదో నీలం చూసి నేను చెబుతా. అబద్ధమైతే ఆ పేజీ ఆయన చేత్తోనే చించమనండి."